పంటికింద జారిన ముత్యం

ఉదయగిరిలో కాపురం చేసినన్నాళ్లూ మా మామను మనసులో తిట్టుకోని రోజు లేదు. ఆయన పనితనం గొప్పదే. అంత సన్నంగా వెండి తీగ లాగే కంసాలి ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. కానీ ఊరి జోస్యుడు ఏది పంపితే అది, రాయో గాజో చూడకుండా ఉంగరంలో పొదిగి ఇచ్చేవాడు. చూడకుండా కాదు, చూసే.

రాళ్లు చూడడం నాకు పుట్టింట్లో అబ్బింది. మా నాయన ఆత్మకూరులో కంసాలి. ఆయనకు చూపు తగ్గాక రాళ్లన్నీ నాచేతే చూపించేవాడు. నీలంలో పొగలాంటి గీతలుంటే భయపడొద్దు, బుడగలుంటే మాత్రం గాజు. ముత్యాన్ని పంటి అంచున రుద్దితే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడాలి. నున్నగా జారితే పారెయ్యమనేవాడు.

ధాత నామ సంవత్సరపు కరువులో మా అరుగు కిటకిటలాడింది. జనం బలుసాకు ఉడకేసుకుని తింటున్నారు. అందరికీ గ్రహాలు ఎదురు తిరిగాయని జోస్యుడు ఒకరికి నీలం చెప్పాడు, ఒకరికి ముత్యం చెప్పాడు. ఇళ్లల్లో మిగిలిన వెండి కరగడానికి మా మూసలోకి చేరింది.

ఆ ఎండల్లోనే దుత్తలూరు వైపు నుంచి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. ఆమె మొగుడు పశువులను తోలుకుని మేత కోసం కొండలవతలికి పోయి నాలుగు నెలలైంది. కబురు లేదు. చంద్రుడు బలహీనంగా ఉన్నాడనీ, సోమవారం నాడు వెండి ఉంగరంలో ముత్యం పెట్టుకుంటే మొగుడు తిరిగొస్తాడనీ జోస్యుడు ఆమెకు చెప్పాడు. పాపం, కాలి కడియాలు విప్పి తెచ్చింది. జోస్యుడే వెంట వచ్చి ముత్యాన్ని మామ చేతిలో పెట్టాడు. కడిగి తెమ్మని మామ దాన్ని నాకిచ్చాడు.

పంటికి రుద్దాను. జారింది.

"మామా, ఇది ముత్యం గాదు" అన్నాను.

"నోర్ముయ్."

"గాజు. లోపల మైనం పోసుండారు."

జోస్యుడు నా వైపు చూడనైనా చూడకుండా మామనడిగాడు. "మీ ఇంట్లో రత్నపరీక్ష ఆడవాళ్లు చేస్తారా?"

నాకు ఒళ్లు మండింది. దాన్ని దాకలి దిమ్మె మీద పెట్టి సుత్తితో ఒక్కటేశాను. గాజు పెంకులు ఎగిరాయి. మైనం చదునై అంటుకుంది.

మామ లేచి నా చెంప మీద కొట్టాడు. నీ కాపురమూ ఇట్లాగే పగులుతుందని శపించి జోస్యుడు వెళ్లిపోయాడు. నా భర్త రెండడుగుల దూరంలో కూర్చుని, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, నిప్పులు ఊదుతూనే ఉన్నాడు.

ఆ రైతు ఇల్లాలైనా నా పక్షాన ఒక మాటంటుందనుకున్నాను.

"ఎంత పని చేసినావే! గాజైతే నాకేంది? ఏలికి ఏదో ఒకటి ఉండేది గదా. ఇప్పుడు నా మొగుడెట్ల వస్తాడు?" అని నెత్తి కొట్టుకుంది.

మామ నా చీరల మూట వీధిలోకి విసిరాడు. "పో, నీ నాయన కాడికి పో. ఆడ చూసుకో రాళ్లు!"

మూట ఎత్తుకుని, "ఆత్మకూరులో మా నాయన కాడ అసలు ముత్యముండాది, రా" అని ఆమెను పిలిచాను. వచ్చింది. రెండు రోజులు నడిచాం. ఆమె పదడుగులు ముందే నడిచింది. నీళ్లు తాగాక ముంత నేల మీద పెట్టేది గానీ నా చేతికిచ్చేది కాదు.

నాయన పళ్లెంలో మూడు ముత్యాలు పోశాడు. గుండ్రంగా ఉన్నదానికి వన్నె చచ్చిపోయింది. రెండోదానికి బెజ్జం దగ్గర సన్నటి పగులుంది. మూడోది కాస్త వంకర, కానీ నిగనిగలాడుతోంది. "వంకరుంటే ఉండనీ. పగులుండగూడదు, వన్నె పోగూడదు" అన్నాడు నాయన. ఆమె దాన్ని తనే పంటికి మూడుసార్లు రుద్దుకుంది.

"ఇది పెట్టుకుంటే వస్తాడా?"

"ముత్యం నిజం తల్లీ. నీ మొగుడి సంగతి నేను చెప్పలేను" అన్నాడు నాయన.

ఆమె మా ఇద్దరినీ కొరకొరా చూసింది. "ఆ సామి దొంగ ముత్యమిచ్చినా ధైర్యం చెప్పినాడు. మీరు నిజం చెప్పి నా ఉసురు తీసినారు."

ఉంగరం చేయించుకుని తన దారిన పోయింది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఆమె మొగుడు ఎముకల గూడైన ఒక్క ఎద్దును తోలుకుని ఇల్లు చేరాడని తెలిసింది. జోస్యుడి వాక్కు ఫలించిందని ఉదయగిరంతా చెప్పుకున్నారట. ఆమె కొబ్బరికాయ తీసుకుపోయి ఆయన కాళ్లకు మొక్కిందట. అది విన్నప్పుడు, ఆ మనిషి రాకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. పాపమే. కానీ అనుకున్నాను.

ఆ తర్వాత నా భర్త వచ్చాడు. "మా నాయన నిన్ను రమ్మన్నాడు. జోస్యుడి కాళ్లు పట్టుకుని తప్పైందంటే చాలంట."

"నన్ను కొట్టినప్పుడు నీ నోట్లో ఏముండింది?"

తల వంచుకుని చెప్పాడు. "ఊదుగొట్టం."

"పోయి దాన్నే ఊదుకో."

వెళ్లిపోయాడు. మొగుడితో అనే మాటేనా అని నాయన నన్ను తిట్టాడు. నాలుగో రోజు మధ్యాహ్నం నా భర్త మళ్లీ వచ్చాడు. ఈసారి పనిముట్ల పెట్టె నెత్తిన ఉంది. అన్నం పెట్టాను. ఆ పూట నుంచి మా నాయన పక్కనే పనికి కూర్చున్నాడు.

కొన్నేళ్లకు మామ పోయాడని కబురొచ్చింది. నా భర్త ఒక్కడే వెళ్లాడు. నేను వెళ్లలేదు.