జానెడు మట్టి మీద పెళ్ళి రాట

ఆ రోజుల్లో నేలంటే మెత్తగానే ఉంటుందని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. తప్పు మాది కాదు లెండి. మా కోనసీమలో గునపం ఊరికే ఆనిస్తే చాలు, మోకాలి లోతుకి దిగిపోతుంది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు కింద మళ్ళీ ఒండ్రే, దాని కింద నీళ్ళు. మధ్యలో రాయి ఉండొచ్చన్న ఊహే మాకు రాదు. ఓ తుపాను మా కొబ్బరితోటని పడుకోబెట్టేశాక, ఇక సముద్రానికి దూరంగా పోదామని మా నాన్నగారు కొవ్వూరు అవతల మెట్ట మీద ఓ పాత డాబా ఇల్లు, దాని ముందు విశాలమైన వాకిలీ కొన్నారు. వాకిట్లో మట్టి నల్లగా ఉంటే గుప్పిట్లోకి తీసుకుని, "బంగారంరా ఇది!" అని మురిసిపోయారు. దగ్గర్లోనే నల్లరాయి పిండి కొట్టే క్రషర్లు పొద్దస్తమానం మోగుతూనే ఉండేవి. వాటికంత రాయి ఎక్కణ్ణుంచి వస్తోందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నేనప్పుడు వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాను. నేలల పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుండేది: అగ్నిపర్వతపు రాతి మీద ఏర్పడే పలుచని ఎడారి నేలల లక్షణాలు. గోదావరి వాళ్ళకి ఎడారితో ఏం పనని విసుక్కుంటూనే (మాకు నీళ్ళు ఎక్కువై కష్టం గానీ తక్కువై కాదు కదా) దాన్ని మంత్రపుష్పంలా వల్లె వేశాను. పైన జానెడు మట్టి, అందులోనూ సగం రాళ్ళ ముక్కలే. దాని కింద తెల్లటి సున్నపు పెచ్చు. ఆ కింద గట్టి నల్లరాయి. నీరు పోస్తే ఇంకడానికి చోటులేక పక్కలకి పారిపోతుంది. వేళ్ళు లోతుకి పోలేక పక్కలకి పాకి రాళ్ళని పట్టుకుంటాయి. ఇదంతా సెలవుల్లో ఆ వాకిట్లోనే మడతమంచం వేసుకుని చదివాను. మంచం కింద ఏముందో చూడాలని మాత్రం తోచలేదు.

ఆ సెలవుల్లోనే మా అక్కకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు దానికి నచ్చాడు. ఇది మా ఇంట్లో పండగలాంటి వార్త (అంతకుముందు వచ్చిన ప్రతివాడికీ ఏదో వంక పెట్టింది, ఒకాయన చెప్పులకి కూడా). చిక్కల్లా పెళ్ళికొడుకు తండ్రితోనే. పాలప్యాకెట్ కత్తిరించాలన్నా వర్జ్యం చూసే మనిషాయన. చాటుగా ఆయన్ని ముహూర్తం మావయ్యగారు అనేవాళ్ళం. మా ఇంట్లో పందిరి రాట వేసే రోజు మర్యాదకి పిలిస్తే నిజంగానే వచ్చేశారు. కుర్చీలో కూర్చుని, గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని, "ఈ ఘడియ దాటకూడదండి బావగారూ. దాటితే దుర్ముహూర్తం. ఆ వెనకాలే మూఢం. ఇహ శ్రావణం దాకా మాట్లాడుకోడానికేం ఉండదండి" అన్నారు నాన్నగారితో. కిటికీ ఊచల వెనక అక్క ముఖం పాలిపోయింది.

రాటకి ముందుగా గొయ్యి తీసి పెట్టుకోవడం మా లంక ఊళ్ళలో ఎవరూ ఎరగరు. పంతులుగారు ఊఁ అన్నాక రెండు పోట్లతో అయిపోయే పనికి ముందునుంచీ హడావుడి దేనికి? పసుపు రాసి, మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టిన రాటని బాబాయి పట్టుకున్నాడు. పంతులుగారు ఊఁ అన్నారు. నాన్నగారు పంచె ఎగ్గట్టి గునపం ఎత్తి ఒక్క పోటు పొడిచారు.

ఖంగుమంది!

నాన్నగారు గునపం వంక చూశారు. మేమంతా నాన్నగారి వంక చూశాం. "ఏదో రాయి అడ్డొచ్చినట్టుందండి" అంటూ కాస్త జరిగి పొడిచారు. మళ్ళీ ఖంగు. ఇంకో పక్క పొడిచారు. ఖంగు. బాబాయి రాట నాన్నగారికి అందించి, గునపం లాక్కుని ఉన్న బలమంతా చూపిస్తే నిప్పురవ్వ లేచింది. అమ్మ పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అందరం మా కాళ్ళకింద నేలని కొత్తగా చూసుకుంటున్నాం. ఇన్నాళ్ళూ ఓ బండ నెత్తిన కాపురం చేస్తున్నామని అప్పుడు తెలిసింది మాకు.

నేను వంగి చూసి నిర్ఘాంతపోయాను. జానెడు మట్టి, తెల్లటి పెచ్చు, నల్లరాయి! ఎడారి కాదన్న మాటే గానీ, నా జవాబు పత్రం వరస తప్పకుండా అక్కడే ఉంది. నోరు ఆగలేదు. "నాన్నగారూ, ఇది లావా అండి! ఇలాంటి నేలల్లో..."

"రాయని చెప్పడానికి కాలేజీ ఎందుకురా? గునపం చెప్పింది కదా!" అని కసిరారాయన.

మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. "భూదేవి ఒప్పుకోవట్లేదండి బావగారూ. నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది" అన్నారు. కిటికీ దగ్గర వెక్కిళ్ళు వినిపించాయి. భయం వేస్తే నాకు పాఠం ఇంకా జోరుగా వస్తుంది. "వేళ్ళు లోతుకి పోవు, పక్కలకి పాకి రాళ్ళని పట్టుకుంటాయి" అని అప్పజెప్పేశాను.

"ఏంట్రా అన్నావు?" అంది మా మామ్మ, నాన్నగారి అమ్మ. మళ్ళీ చెప్పాను. ఆవిడ పంతులుగారి వైపు తిరిగి, "ఏమండీ, రాట లోతుకి దిగాలా, నిలబడాలా?" అని అడిగింది. పంతులుగారు ఆకలి మీదున్నారో ఏమో, "నేలని తాకి నిలబడితే చాలమ్మా" అన్నారు. "అయితే రాళ్ళు తెండర్రా! కాస్త ఇది పట్టుకోండి బాబూ" అంటూ నాన్నగారి చేతిలోని రాట తీసి మావయ్యగారి చేతిలో పెట్టేసింది.

పట్టుకున్నాక గానీ ఆయనకి సంగతి అర్థం కాలేదు. వదిలితే రాట పడిపోతుంది. పెళ్ళి రాట పడిపోవడం కంటే పెద్ద అపశకునం ఆయనకి తెలిసి ఇంకోటి లేదు. రెండు చేతులతో కావలించుకున్నారు. గడియారం కుర్చీలో ఉండిపోయింది. "తొందరగా తెండయ్యా! ఇటు పెద్దది పెట్టండి! చూస్తారేంటి!" అని కేకలు పెడుతుంటే, మేం ప్రహరీ పక్కనున్న నల్లరాళ్ళు మోసుకొచ్చి రాట చుట్టూ పేర్చాం. పంతులుగారు మంత్రాలు అందుకున్నారు. అమ్మ పాలు పోస్తే ఒక్క చుక్క ఇంకలేదు. పక్కలకి పారి మావయ్యగారి పాదాలు తడిపాయి. "శుభం!" అన్నారు మావయ్యగారే, అందరికంటే ముందు.

పెళ్ళి లక్షణంగా జరిగింది. ఆ తర్వాత మాట పట్టింపు వచ్చినప్పుడల్లా మావయ్యగారు, "ఆ రోజు నేను చెయ్యి వదిలేసుంటేనా!" అనేవారు. "వదలాల్సింది మావయ్యగారూ, మీ అబ్బాయి గురక తప్పేది నాకు" అనేది అక్క కాఫీ అందిస్తూ. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవారు. నేను నేలల ఉద్యోగంలోనే స్థిరపడ్డాను. ఏ పొలానికి వెళ్ళినా ముందు గునపం, తర్వాతే మాట.

మొన్న మేనకోడలి పెళ్ళికి అదే వాకిట్లో రాట వేశాం (నాన్నగారు ఆ ఇల్లు అక్కకే ఇచ్చారు). రాళ్ళు నేను ముందే పోగు చేసి ఉంచాను. అన్నీ ఉన్నాయి, పట్టుకోవడానికి మావయ్యగారే లేరు. ఎవరు పట్టుకుంటారని పంతులుగారు అడిగారు. అక్క పట్టుచీర కొంగు దోపుకుని వచ్చి రాటని రెండు చేతులతో కావలించుకుంది. "తొందరగా తెండయ్యా! చూస్తారేంటి!" అంది, అచ్చం ఆయనలాగే. మేం రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాం. పాలు ఈసారీ ఇంకలేదు. పక్కలకి పారి అక్క పాదాలు తడిపాయి. ఎందుకో చెప్పమని మేనకోడలు నా వైపు చూసింది గానీ, నేను పాఠం చెప్పకుండా ఇంకో రాయి అందుకున్నాను.