పుట్టిలో నవ్విన తాత

నా చిన్నప్పుడు మా ఊరికీ గద్వాలకూ మధ్య కృష్ణ ఉండేది, వంతెన ఉండేది కాదు. ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. వెదురుతో అల్లి, కింద తోలు కట్టిన గుండ్రటి పెద్ద బుట్ట అది. ఆ రేవులో పుట్టి నడిపేవాడు మా తాత, మా అమ్మను కన్న తండ్రి.

పుట్టిలో లేచి నిలబడకూడదు, అందరూ ఒకే పక్కకు ఒరగకూడదు. నడి ఏట్లో నీళ్లు సుడి తిరుగుతుంటే మాత్రం మనిషికి సరిగ్గా ఆ రెండు పనులే తోస్తాయి. భయపడకండి అంటే జనం ఇంకా భయపడతారని తాతకు తెలుసు. అందుకే ఆయన పుట్టిలో భయమనే మాట ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు. దానికి బదులు పేర్లు పెట్టేవాడు. కుదురుగా కూర్చోలేనివాడు కాలు కాలిన పిల్లి. కాళ్లూ చేతులూ కొట్టుకునేవాడు కుడితిలో పడ్డ ఎలుక. అంచు పట్టుకుని వదలనివాడు గోడ మీద బల్లి. ఒకరు ఒరిగారని అందరూ ఒరిగితే గొర్రెల మంద. పేరు పడ్డ మనిషి సిగ్గుపడి నవ్వేవాడు, చూసి పక్కవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వే మనిషి లేచి నిలబడడు. ఈ కిటుకు నాకు అప్పుడు తెలియదు. తాతకు నోటిదురుసు అనుకునేదాన్ని. అదీ కొంత నిజమే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో, చేలో మా తమ్ముడిని పాము కరిచింది. వాడికి నాలుగేళ్లు. నాన్న మట్టిపనికి వలస పోయి ఉన్నాడు. ఊళ్లో మంత్రం వేసే ముసలాయన ముందు ఒక పూట గడిచిపోయింది. ఆ పూట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరికి గద్వాల దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. ఏరు ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. ఆ రోజు ఏ పుట్టీ నీళ్లలో దిగలేదు. తాత తనది దించాడు. అమ్మ, తమ్ముడు, సాయానికి పక్కింటి పెద్దనాయన, అమ్మ కొంగు వదలని నేను ఎక్కాం.

అమ్మ తమ్ముడిని భుజాన వేసుకుని కూర్చుంది. వాడి ముఖం ఆమెకు కనిపించదు. ఆమె వెనక తెడ్డు వేస్తున్న తాతకూ, తాత మోకాలికి వీపు ఆనించి కూర్చున్న నాకూ కనిపిస్తుంది. కొంత దూరం పోగానే అమ్మ అటూ ఇటూ మెసలడం మొదలుపెట్టింది. పుట్టి ఊగింది.

“ఏందే బిడ్డా, కాలు కాలిన పిల్లి లెక్క గట్ల జేస్తున్నవ్? జర నిమ్మళంగ కూసో” అని తాత నవ్వాడు.

“పోరడు పానం మీద ఉన్నడు. నీకు పరాచికాలెట్ల వస్తున్నయ్ నాయనా?” అంది అమ్మ. కోపంతోనే అయినా కూర్చుంది. నాకూ తాత మీద అసహ్యం వేసింది.

నడి ఏట్లో ఒక్కసారి తెడ్డు ఆగింది. తాత తమ్ముడి ముఖంలోకి చూస్తున్నాడు. వాడి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. మళ్లీ తెడ్డు నీళ్లలో పడింది. అప్పుడే నా వీపు వెనక తాత మోకాలు వణకడం మొదలైంది. ఆ వణుకుకు నా పళ్లు కొట్టుకున్నాయి.

“వీడు చల్లబడుతున్నడు నాయనా” అంటూ అమ్మ లేవబోయింది.

“తల్లి రెక్కల కింది కోడిపిల్ల లెక్క ఎంత మంచిగ పన్నడు, లేపకు బిడ్డా. ఒడ్డుకు పోయినంక లేపుదువు” అన్నాడు తాత. ఆయన గొంతులో నవ్వు అలాగే ఉంది. పెద్దనాయనను బల్లి అని కూడా వెక్కిరించాడు. అమ్మ లేవలేదు.

ఒడ్డు చేరాక తాత అమ్మను చెయ్యి పట్టి దింపాడు, నన్ను దింపాడు, పుట్టిని గట్టుకు లాగాడు. అప్పుడు చెప్పాడు, “బిడ్డా, పిల్లగాడు నడి ఏట్లనే పోయిండు.” చెప్పి బురదలో కూలబడ్డాడు.

“ఎరికుండే నవ్వినవా?” అని అమ్మ ఆయనను రెండు చేతులా కొట్టింది. తాత అడ్డుపడలేదు. నువ్వు లేచి ఉంటే మనమంతా పోయేవాళ్లమని ఆయన ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆయన బతికిన ఆరేళ్లూ అమ్మ ఆయన చేతి నీళ్లు తాగలేదు. తాత పుట్టి నడుపుతూనే వచ్చాడు గానీ, అందులో ఎవరికీ మళ్లీ పేర్లు పెట్టలేదు.

మోకాలి సంగతి నా ఒక్కదానికే తెలుసు. నేను చెప్పలేదు. తాత మీద కోపమని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ రోజు చేలో తమ్ముడిని చూసుకోవాల్సింది నేను. తాత మీది కోపం పోతే అమ్మ నా వైపు తిరుగుతుందని భయం. తాత పోయిన పదకొండో రోజున అమ్మకు చెప్పాను.

“గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పొద్దా బిడ్డా” అంది అమ్మ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంతకన్నా నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఏరు దాటడానికి వంతెన ఉంది, ఆటో ఉంది. పరీక్షల ముందు మనవరాలు గదిలో తిరుగుతుంటే కాలు కాలిన పిల్లి అని నేనూ అంటాను, అది నవ్వి కూర్చుంటుంది. కానీ దవాఖాన వరండాలో మావాళ్లెవరైనా మరీ జోకులు వేస్తుంటే నేను నవ్వను, కసురుకోను. పోయి పక్కన కూర్చుని, నా మోకాలు వాళ్ల మోకాలికి ఆనించి చూస్తాను.