పిండిలో అచ్చు

నా చిన్నప్పుడు మా ఊళ్లో మనిషి పోతే, దహనమయ్యాక ఆ రాత్రికి శవాన్ని పడుకోబెట్టిన చోట బియ్యప్పిండి పల్చగా జల్లి, దీపం పెట్టి, గంప బోర్లించేవారు. తెల్లారి గంప తీస్తే పిండిలో ఏ అచ్చు పడితే ఆ జన్మ ఎత్తినట్టు లెక్క. పిట్ట కాలైతే పిట్ట, గిట్టైతే ఆవు. ఒట్టి గీతే ఉంటే పామని చెవులు కొరుక్కునేవారు. నవ్వకండి. మా అమ్మ పోయినప్పుడు నేను నా ప్రాణమంతా ఆ గంప మీదే పెట్టుకున్నాను.

మా అమ్మది గోగునార పని. చీపురుపల్లి చుట్టుపక్కల అప్పట్లో గోగు బాగా వేసేవారు. కోసిన కట్టలు చెరువులో నానేసి, కుళ్ళాక, నడుంలోతు నీళ్లలో నిలబడి నార ఒలవాలి. ఎంత తోమినా ఆ కంపు చేతుల్ని వదలదు. అమ్మ కలిపి పెట్టే ముద్దలో కూడా అదే వాసన. ఆ నీళ్లలోనే జ్వరం పట్టుకుంది. కాస్త తగ్గిందనగానే మళ్ళీ దిగింది. ఈసారి పట్టుకున్న జ్వరం అమ్మని తీసుకునే పోయింది.

నాకు దుఃఖం కన్నా ఆత్రం ఎక్కువగా ఉంది. ఏదై పుట్టిందో తెలిస్తే చాలు, ఎక్కడున్నా వెతికి తెచ్చుకుంటాను కదా అని. పక్కింటి ఆవు చూలుతో ఉంది. ఆ దూడే మా అమ్మయితే రోజూ చూసుకోవచ్చు.

తెల్లారాక మా నాయనమ్మ గంప ఎత్తింది. పిండిలో గిట్టలాంటి గుర్తు. ఎలక తిరిగిందో, గంప అంచే తగిలిందో మరి. చూడవచ్చిన ఆడవాళ్లంతా ఆవేనన్నారు. పుణ్యాత్మురాలు, మంచి జన్మే దొరికిందన్నారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అమ్మని కన్న తండ్రి, మా తాతయ్య, అంతసేపూ గుమ్మంలో కూర్చునే ఉన్నాడు. గుడికి గానీ చర్చికి గానీ ఏనాడూ వెళ్ళని మనిషి. లేచి వచ్చి ఆ గుర్తు చూశాడు.

"ఆవైతే మాత్రం ఏటి? మళ్ళీ ఇంకొకల ఇంటి కట్టుకొయ్యకేనా? పుట్టిన కాణ్ణుంచి సాకిరీ సేసే సచ్చింది నా కూతురు. ఇంక దాన్నెక్కడికీ పంపకండి. పడుకోనీండి" అన్నాడు.

వంగి అరచేత్తో పిండంతా తుడిచేశాడు.

ఇల్లంతా గోలైపోయింది. మా నాయనమ్మ నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టింది. నేనైతే తాతయ్య చెయ్యి కొరికేశాను. మా అమ్మనే తుడిచేశాడనుకున్నాను మరి.

ఆయన నన్ను చెరువుగట్టుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నీళ్లలో అమ్మ ఒలవకుండా వదిలేసిన కట్టలు అలాగే ఉన్నాయి. అమ్మ ఎక్కడుందని అడిగాను. చుక్కల్లో ఉందనో, దేవుడి దగ్గరుందనో చెప్పలేదు. ఎక్కడా లేదన్నాడు.

"నువ్వు పుట్టకముందు నీకు ఆకలేసిందేటి? సలేసిందేటి? లేదు కదా. మీ అమ్మకీ ఇప్పుడంతే. ఇంక ఈ నీళ్లలో దిగక్కర్లేదు."

"నాకోసమైనా రాదా?" అన్నాను.

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవగా చూడ్డం నాకదే మొదలు. ఆయన చేతి గీతల్లో పిండి ఇంకా అలాగే ఉంది.

మొన్నామధ్య మా ఆయన పోయినప్పుడు కోడలు పిండీ గంపా తెచ్చింది. వద్దన్నాను. ఆమదాలవలసలో ధాన్యం బస్తాలు మోసి మోసి అలసిన మనిషి, పడుకోనీ అన్నాను. నాకూ వద్దని పిల్లలకి చెప్పి ఉంచాను. ఒక బతుకు బతికాను, బాగానే బతికాను, అది చాలు. మళ్ళీ మొదట్నుంచీ అంటే నా వల్ల కాదు. తాతయ్య చెప్పిందే నిజమని నేను నమ్ముతాను.

అయినా ఏం చెయ్యను, వంటింట్లో పిండి జల్లించినప్పుడు, నేల మీద రాలిందాన్ని తుడిచేముందు ఒకసారి వంగి చూస్తాను. ఏమీ ఉండదు. అప్పుడు అరచేత్తో తుడిచేస్తాను.