అడ్డం, నిలువు, అమ్మ

కట్టంగూర్‌లో మా ఇంటికి పేపరు వచ్చేది కాదు. బాపు మండలాఫీసులో అటెండరు. నిన్నటి పేపరును ఇవాళ సాయంత్రం చంకలో పెట్టుకొని తెచ్చేవాడు. వార్తలు పాతబడతాయి గానీ పదకేళి పాతబడదు. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆ మనిషి పెన్సిలు పట్టుకొని గళ్ల ముందు కూర్చుంటే కలెక్టరు పిలిచినా లేచేవాడు కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉన్నాను. భాష పెరుగుతుందనే సాకుతో నేనూ ఆయన పక్కన చేరాను.

ఆధారాన్ని ఎట్లా చదవాలో ఆయనే నేర్పాడు. ‘కలవరంలో దేవుడిచ్చింది, రెండక్షరాలు’ అని ఉంటే నేను దేవుళ్లందరినీ వరసగా తలుచుకునేదాన్ని. ఆయన నవ్వేవాడు.

“దేవుని జోలికెందుకు పోతున్నవ్? కలవరం అన్న మాటల్నే ఉన్నది సూడు, వరం. ఏడున్నదో వాడే చెప్పిండు.”

తారుమారు అని కనిపిస్తే అక్షరాలు చెదిరాయని లెక్క. తల లేదంటే మొదటి అక్షరం కొట్టేయాలి. తిరగబడిందంటే వెనక నుంచి రాయాలి. “ఆధారం అబద్ధమాడదు బిడ్డా, సూటిగ చెప్పదు, గంతే. మనమే ఆగి సదవం” అనేవాడు. నాలుగైదు నెలల్లో నేను ఆయన్ని మించిపోయాను. తెలివిలో మా ఇద్దరికీ ఎవరూ సాటిరారని మా నమ్మకం.

అమ్మకు చదువు రాదు. మేం గళ్లు నింపుతుంటే ఆమె వంటింట్లో జొన్నరొట్టెలు చేసేది. మా ఇద్దరికీ పెట్టి, గిన్నెలు సర్ది, అందరికంటే చివర గోడ వైపు తిరిగి కూర్చొని తినేది. మా అవ్వ కూడా అట్లాగే తినేది. ఆడమనిషి తింటుంటే చూడొద్దన్నది మా ఇంట్లో పద్ధతి. పద్ధతి పేరు చెప్పుకొని మేం ఆమె కంచం వైపు ఎన్నడూ చూడలేదు.

ఒక రోజు అమ్మ, “గీ పిండి బరకగ పడ్తాంది” అంది.

బాపు పేపరులోంచి తలెత్తకుండానే, “గిర్నీ రాయి అరిగిందేమో” అన్నాడు. మరునాడు జొన్నలు ఇంకో గిర్నీలో పట్టించుకొచ్చాడు. పది రోజులకు మళ్లీ అదే మాట. ఈసారి సంచి బండి మీద వేసుకొని నకిరేకల్ దాకా పోయి పట్టించాడు. భార్య కోసం అంత దూరం పోయినందుకు ఆయనకు కొంత గర్వం కూడా. పిండి మెత్తగా వచ్చింది. మేమిద్దరం ఆ రొట్టెలు లొట్టలేసుకుంటూ తిన్నాం.

అమ్మ మాత్రం, “నాకు పండ్లు గుంజుతున్నయ్, రొట్టె వద్దు, అన్నమే తింట” అంది. కొన్నాళ్లకు అన్నం మెత్తగా వండడం మొదలుపెట్టింది. “గిదేమన్నం, జావ లెక్కున్నది” అని కసిరింది నేనే. తరువాత ఎండలని చెప్పి అంబలి తాగింది. వానలు పడ్డాక కూడా అంబలే తాగింది. వదులైన జాకెట్లను నా పక్కనే కూర్చొని బిగించి కుట్టుకుంది. నేనప్పుడు ఆరక్షరాల మాట కోసం తల గోక్కుంటున్నాను. లైటుకు అడ్డమొచ్చిందని ఆమెను జరగమన్నాను.

ఒక పొద్దున ఆమె తాగిన మంచినీళ్లు తిరిగి బయటికొచ్చాయి. నల్లగొండ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయాం. ముందు ఏది మింగలేకపోయారని అక్కడ డాక్టరు అడిగాడు. మేమిద్దరం అమ్మ వైపు చూశాం. అమ్మే చెప్పింది.

“ముందుగాల రొట్టె సారూ. ఏడాదైతాంది. ఎన్క అన్నం. ఎన్క అంబలి.”

డాక్టరు ఆ వరసలోనే రాసుకున్నాడు. అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉందని, కోసి తీసే దశ దాటిపోయిందని పరీక్షల తరువాత చెప్పాడు. బయట బెంచీ మీద బాపు ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“గింత బాధ పెట్టుకొని నాకెందుకు చెప్పలేదే?”

అమ్మ ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. “చెప్పిన గదయ్యా” అంది.

చెప్పింది. నెల నెలా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. మేం గిర్నీలు మార్చాం. ఆ బెంచీ దగ్గర నాకు బాపు మీద అసహ్యం వేసింది, నా మీద అంతకంటే ఎక్కువ వేసింది. కాసేపు అమ్మ మీద కూడా కోపమొచ్చింది. నొప్పి అని ఒక్కసారి అరిచి ఉంటే ఏం పోయేదని. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సిగ్గు మాత్రం అసలే పోలేదు.

ఇంటికి తెచ్చుకున్నాక ఆమె మూడు నెలలు బతికింది. చివరి వారంలో చెంచాడు నీళ్లు కూడా దిగలేదు. ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకొని, బతుకంతా ఏదీ సూటిగా అడగని మనిషి, “ఆకలైతాంది బిడ్డా” అంది. నేను తడి దూదితో ఆమె పెదవులు తుడిచాను. “ఆకలైతాంది” అని ఆమె మళ్లీ అంది.