దీపావళి పిల్లను శివరాత్రికి మార్చిన యంత్రం

కంప్యూటరులో పాత సిస్టమ్ తీసివేసి, కొత్త రూపంతో వచ్చినదాన్ని వేసుకోవచ్చునా అని ఎవరైనా నన్ను సలహా అడిగితే, ముందుగా మీ తల్లిగారిని ఒక మాట అడగండి అంటాను. అడిగినవారు నా వయస్సును చూసి నవ్వి ఊరుకుంటారు. ఎనభైల చివర, చింతామణి అనే మా ఊళ్ళో, ఇదే ప్రశ్నకు నేను సొంత తెలివితో జవాబు చెప్పుకొన్నానని వారికి తెలియదు. దాని ఫలితంగా ఒక కన్నతల్లితో ఆమె కూతురు ఎప్పుడు పుట్టిందనే విషయమై వాదించి, శాశ్వత బ్రహ్మచర్యానికి అడుగు దూరంలో నిలిచాను. ఆ ఘోరాన్ని వరుస తప్పకుండా నివేదిస్తాను, తీర్పు మీది.

తేదీ, అంకె లేని మాటను నేను మాటగా లెక్కించేవాణ్ణి కాను. రాత్రి మంచి వాన పడిందని ఎవరైనా అంటే ఎన్ని మిల్లీమీటర్లని అడిగేవాణ్ణి. అన్నం ఉడుకుతున్నది, కాస్త ఆగమని మా అమ్మ అంటే, కాస్త అనగా ఎన్ని నిమిషాలని అడిగి, అన్నానికి ముందు తిట్లు తినేవాణ్ణి. ఇటువంటి మనిషి చేతికి కంప్యూటరు దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి. కోతికి కొబ్బరికాయ కాదు, కొబ్బరితోటే దొరికింది.

మా చిన్నాయన నంజుండయ్యకు బస్టాండు దగ్గర బట్టల అంగడి ఉండేది. అందులో ఒక మూలను చెక్క అడ్డుతో వేరుచేసి, కంప్యూటరు జాతకాల వ్యాపారం ప్రారంభించాను. ఆ మూలలోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవాణ్ణి కాను. ఉన్న ఒక్క ఫ్యాను యంత్రానికి, చెమట నాకు. ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్టు తెర నుదుట ఏడాది పొడుగునా ఉండేది. బట్లహళ్ళి నుంచి బండి కట్టుకొని వచ్చిన రైతులు సైతం చీర బేరం మధ్యలో ఆపి, ప్రింటరు గరగరమంటూ గ్రహాలను కక్కడం నోరు తెరిచి చూసేవారు.

అటువంటి సుఖసమయంలో, ఒక శనివారం, యంత్రాన్ని చూసుకొనే ఇంజనీరు మంజునాథ కొత్త ఫ్లాపీలు పట్టుకొని దిగాడు. ఊరు చిక్కబళ్ళాపురం, ఉద్యోగం బెంగళూరు, ఉత్సాహం రెండూళ్ళకూ సరిపడా.

"సార్, మీదాంట్లో ఉండేది పాత సిస్టమ్. నల్ల తెర మింద ఒక్కో ఆజ్ఞా మీరే కొట్టల్ల. ఇప్పుడు దాన్నంతా మార్చి కొత్తది చేసిండారు. రంగురంగుల గళ్ళు వస్తాయి, బాణం కదిలించి ఎంచుకొనేదే. వేసేదా?"

నాలో కుతూహలం పాలు పొంగినట్లు పొంగింది. ఆ గళ్ళెలా ఉంటాయో, ఆ బాణం ఎటు కదులుతుందో చూడకపోతే ఆ రాత్రి నిద్రపట్టదని తెలిసిపోయింది. చిన్నాయన మాత్రం గజంకట్ట పక్కన పెట్టి వచ్చాడు.

"బాగా నడస్తాండేదాన్ని యాల గెలుకుతారప్పా? ఎద్దు దున్నతాంటే, కొమ్ములకు రంగు పూసేదుండాదని నిలబెడతారా?"

ఆయన మాటలో అంకె లేనందువల్ల నేను దాన్ని పరిగణించలేదు. అయితే గుడ్డిగా దూకే మనిషిని కూడా కాను. పరీక్ష పెట్టాను. పాత సిస్టమ్ మీద నా జాతకాన్ని అచ్చువేయించి, మంజునాథ చేత కొత్తది వేయించి, అదే జాతకాన్ని మళ్ళీ అచ్చువేయించాను. రెండు కాగితాలనూ పక్కపక్కన పరచి, స్కేలు ఆనించి, వరుస వరుసా పోల్చాను. సూర్యుడు సరిపోయాడు. చంద్రుడు సరిపోయాడు. శని సైతం ఒక్క కళ, అనగా అంశలో అరవయ్యో వంతు అయినా తేడా లేకుండా ఉన్నచోటనే కూర్చున్నాడు. అంతటితో తృప్తిపడక, అదే జాతకాన్ని ఇంకొక రెండుసార్లు అచ్చువేయించి సరిచూశాను. ఈ శ్రద్ధను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు నవ్వడానికి పనికివస్తుంది.

"అన్నిసార్లూ నీదేనా? మీ పిన్నిది ఒకటి వేసి చూడు" అన్నాడు చిన్నాయన.

"పిన్ని పుట్టిన తేదీకి ఆధారమేముంది చిన్నాయనా? నాది జూలై ఏడని స్కూలు సర్టిఫికెట్లోనే ఉండాది" అన్నాను. మా ఇంటి పురోహితుడి దగ్గర నా జన్మపత్రిక ఒకటి లేకపోలేదు. దాని మీద తిథి, నక్షత్రమే తప్ప ఇంగ్లీషు తేదీ లేదు. తేదీ లేని కాగితాన్ని నేను ఆధారంగా గుర్తించలేదు.

ఆ రోజుల్లోనే బాగేపల్లిలో వేరుశనగకాయల వ్యాపారం చేసే అశ్వత్థప్పగారి అమ్మాయి వనజను నాకు చూశారు. బి.ఎస్సీ. చదివిన పిల్ల. పెళ్ళిచూపుల్లో తలవంచుకొని కూర్చోకుండా, కరెంటు పోతే మీ మిషన్లో ఉన్న గ్రహాలు యాడికి పోతాయి అని అడిగింది. నేను సవివరంగా జవాబు చెబుతుండగా, నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆ క్షణం నుంచి నాకు ఈ సంబంధం తప్ప మరొకటి వద్దు. పురోహితుడు పత్రికలు చూసి, పొంతన బాగుందన్నాడు. ఎంత బాగుందని అడిగాను. శానా బాగుండాదన్నాడు. శానా అనేది అంకె కాదు గనుక, యంత్రం కూడా చెప్పాలని నేనే పట్టుబట్టాను. నా గోతికి గడ్డపార నేనే తెచ్చుకొన్నానన్నమాట.

సిస్టమ్ మార్చిన మరునాడే అశ్వత్థప్పగారు వచ్చారు. నవంబరు మూడో తేదీ, తెల్లవారుజామున అని వనజ జన్మసమయం చెప్పి, పని ఉందని వెళ్ళిపోయారు. కొత్త తెర మీద అందమైన నీలిరంగు గడి తెరుచుకొంది. మూడు, పదకొండు అని కొట్టాను. కాగితం మీద కూడా మూడు, పదకొండు అనే పడింది, సరిచూసుకొన్నాను. పొంతన కుదరాలంటే ముప్పై ఆరు గుణాలకు కనీసం పద్దెనిమిది కలవాలి. మాకు కలిసినవి తొమ్మిది.

వనజను తలచుకొని ఆ అంకెను మరొకసారి చూశాను. అంకె కరగలేదు.

"ఆ అంకె చెప్పిందని పిల్లను వద్దంటావా? పిల్ల నీకు నచ్చలేదా?" అన్నాడు చిన్నాయన.

నచ్చిందన్నాను. నచ్చడం వేరు, గణితం వేరన్నాను. ఆయన నన్ను చూసిన చూపు, అంగట్లో చివికిపోయిన తానును చూసే చూపు.

జాబు రాసి తప్పించుకోవడం మర్యాద కాదని, చిన్నాయనను వెంటబెట్టుకొని చేలూరు మీదుగా బస్సులో బాగేపల్లి వెళ్ళాను. మేము ముహూర్తం మాట్లాడడానికి వచ్చామనుకొన్నారు. వనజ తల్లి రుక్మిణమ్మగారు వేడి ఒబ్బట్లు వడ్డించి, పైన నెయ్యి పోశారు. దుర్వార్త చెప్పవలసినవాడు తినకూడదని తెలిసినా, రెండు తిన్నాను. మూడోది ఆకులో పడకముందే కాగితం బయటికి తీసి, విషయం చెప్పాను.

అశ్వత్థప్పగారు కండువాతో ముఖం తుడుచుకొన్నారు. రుక్మిణమ్మగారు మాత్రం నెయ్యిగిన్నె కింద పెట్టి, నిదానంగా అడిగారు.

"ఏమని చెప్పిందప్పా మీ మిషను? చదువు, విందాము."

"జన్మమాసం, మాఘం. బహుళ పక్షం..."

"మాఘమా?"

"అవునమ్మా. శివరాత్రి దినాలు."

"నా కూతురు పుట్టింది దీపావళి తెల్లవారి. వీధిలో టపాకాయలు కాలస్తాంటే మంత్రసాని చెవులు మూసుకొనె. తలంటికి కాంచిన నీళ్ళే పిల్లకు పోసినాము."

పాఠకులారా, ఇక్కడ ఆగిపోయి ఉంటే నేను ఒక సాధారణ మూర్ఖుణ్ణిగా మిగిలేవాణ్ణి. ఆగలేదు. జ్ఞాపకానికి, గణితానికి భేదం వచ్చినప్పుడు గణితాన్నే గ్రహించాలని ఆమెకు వినయంగా వివరించాను. శివరాత్రికి కూడా జనం రాత్రంతా మేలుకొని గోల చేస్తారు కాబట్టి, ఆ అలసటలో పండుగ ఏదో పొరబడడం సహజమేనని ఓదార్చాను కూడా.

చిన్నాయన తన కాఫీ లోటాలోకి తల దూర్చి, అందులోనే దాక్కోవడానికి వీలవుతుందేమో చూస్తున్నాడు.

"అప్పా," అన్నారు రుక్మిణమ్మగారు, గొంతు ఏమాత్రం పెంచకుండా, "నొప్పులు పడింది నేనా, మీ మిషనా?"

ఈ ప్రశ్నకు కావలసిన అంకె కోసం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

అప్పుడు లోపలి నుంచి వనజ వచ్చి, కాగితం ఇటివ్వండని చేయి చాచింది. పైనుంచి కిందికి చదివి, మొదటి వరుస దగ్గరకు తిరిగి వచ్చింది.

"మీరు మూడు, పదకొండు అని కొట్టినారు. ఆ మిషను మూడును నెల అనుకొని, పదకొండును తేదీ అనుకొనుంటే?"

"అట్ల జరిగేదానికి లేదు. పాతది, కొత్తది మూడుసార్లు పోల్చి చూసినాను. ఒక్క అంకె తేడా రాలేదు."

"ఎవరిది వేసి చూసినారు?"

"నాదే."

"మీ తేదీ ఏమి?"

"ఏడో నెల, ఏడో తేదీ."

ఆమె కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఈసారి నవ్వు ఆగలేదు. "తిరగేసినా మరగేసినా ఏడూ ఏడే కదా."

ఆ నవ్వు ముందు తల్లికి, తరువాత తండ్రికి, చివరకు లోటాలో ఉన్న మా చిన్నాయనకు అంటుకొంది. నేను మాత్రం వేళ్ళ మీద ఏడును రెండు వైపుల నుంచీ లెక్కపెట్టి చూసుకొంటున్నాను.

చింతామణి చేరగానే మంజునాథకు ఫోను చేశాను. అదా సార్, అన్నాడు తేలికగా. మన దేశంలో తేదీ ముందు, నెల తరువాత అని యంత్రానికి చెప్పే వాక్యం ఒకటి పాతదాంట్లో తాను రాసిపెట్టాడట. కొత్తది వేసేటప్పుడు అది కొట్టుకుపోయిందట. అందువల్ల యంత్రం అమెరికా పద్ధతిలోకి పోయిందట. నా జీవితాన్ని తలకిందులు చేసింది ఒక్క వాక్యం. ఏ రోజు తేదీని ఆ రోజు కొత్త తెర ఒక మూలన, నెల ముందు పెట్టి, మొదటి రోజు నుంచీ చూపిస్తూనే ఉంది. నేను గళ్ళ రంగులు చూసుకొంటూ ఉన్నాను.

వాక్యం చేర్చి మళ్ళీ లెక్క కట్టగా, ఇరవై ఆరు గుణాలు కలిశాయి. ఆ కాగితాన్ని పట్టుకొని విజయోత్సాహంతో ఇంటికి వెళ్ళి, మా అమ్మకు మొదటి నుంచీ వినిపించాను. ఆమె శనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"ఏడో నెల ఏడో తేదీనా? అది మేష్ట్రు పెట్టింది కదప్పా."

"ఏ మేష్ట్రు?"

"నిన్ను స్కూల్లో చేర్చుకొన్న మేష్ట్రు. తేదీ ఏమని అడిగినాడు, నాకేమి తెలుసును అంటిని. ఏడూ ఏడు రాస్తాను, పిల్లోడికి సులభంగా గుర్తుంటాది అనె."

"అయితే నేను పుట్టింది ఎప్పుడమ్మా?"

"మీ చిన్నాయన పెండ్లయిన మూడో దినం. ఇంకా పందిరే విప్పలే. కార్తీకం కదా."

అంగడి మూసి వచ్చిన చిన్నాయన గడప మీద నిలబడి, అవునన్నట్లు తలూపాడు. ఏళ్ళ తరబడి ఊరందరికీ గ్రహాలు అచ్చువేసి ఇచ్చిన నేను, ఇంకొకరి జాతకం పెట్టుకొని బతుకుతున్నానన్నమాట. తొమ్మిదీ తప్పే, ఇరవై ఆరూ తప్పే. మిగిలిన ఆధారం ఒక్కటే: ఇంగ్లీషు తేదీ లేని ఆ పాత పత్రిక చూసి పురోహితుడు అన్న "శానా".

ఆ శానా మీదనే మా పెళ్ళి జరిగింది. రుక్మిణమ్మగారు పెట్టిన షరతు ఒక్కటే, ముహూర్తం జోలికి మిషను రాకూడదని. అది రాలేదు, అంగట్లో బొట్టుతో, ఫ్యానుతో సుఖంగా ఉండిపోయింది.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా, వారు ఏ సిస్టమ్‌లో ఏ రాశిలో ఉన్నప్పటికీ, నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను: బిడ్డను కన్న తల్లికి ఆ బిడ్డ పుట్టిన రోజు ఇక ఎన్నడూ చెప్పబోను. ఈ ప్రతిజ్ఞ మొదటిసారి ఏ తేదీన చేశానని మాత్రం నన్ను అడగకండి. వనజను అడగాలి.