మూడోవాడి పని

చంద్రుడి మీదికి ముగ్గురు బయల్దేరారని రేడియోలో విన్న దగ్గర్నుంచి మా పెద్దమ్మ వాకిలి తుడవనివ్వలేదు. ఊరెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరేదాకా చీపురు పట్టకూడదని ఆవిడ పట్టు. వాళ్ళు మనింటి నుంచి వెళ్ళలేదు కదా అని నేను వాదించాను. అప్పటికి రాజాంలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరి ఏడాదైంది. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న పొగరు ఒంటినిండా ఉండేది. పెద్దమ్మ చీపురు లాక్కుని అటక మీద పడేసింది. నాలుగు రోజులు కోళ్ళ రెట్టలు దాటుకుంటూ బడికి వెళ్ళాను. దిగారని తెలిశాక తనే చీపురు దింపి తుడుచుకుంది.

పెద్దమ్మంటే నాన్న అన్నగారి భార్య. పెళ్ళయిన రెండో ఏడు ఆయనా నాన్నా కలిసి బియ్యం మిల్లులో పనికి రంగం, అంటే రంగూన్, వెళ్ళారు. ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళ నుంచి చాలామంది అలాగే ఓడెక్కి బర్మా పోయేవారు. యుద్ధంలో రంగం మీద బాంబులు పడ్డప్పుడు అన్నదమ్ములిద్దరూ అడవుల వెంట కాలినడకన బయల్దేరారు. నాన్న ఒక్కడే ఇల్లు చేరాడు. అన్న దారిలో జ్వరంతో పోయాడని చెప్పాడట. అంతకు మించి నాన్న చెప్పలేదు, పెద్దమ్మ అడగలేదు.

అప్పట్నుంచి ఆవిడ నాన్నతో నేరుగా మాట్లాడటం మానేసింది. వేళకి అన్నం పెట్టేది, ఒళ్ళు వెచ్చబడితే కషాయం కాచేది. ఏం చెప్పాలన్నా మాత్రం వసారా గుంజకి చెప్పేది. నీళ్ళు కాగాయని గుంజకి చెబితే నాన్న లేచి స్నానానికి వెళ్ళేవాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా మాటలు మోసింది. అమ్మ పోయాక ఆ పని నా నెత్తిన పడింది. ఇరవయ్యేడేళ్ళ కోపమని అందరం అనుకున్నాం. నాన్నా అలాగే అనుకున్నాడు. ఒక్కసారి వదిన తన మొహం చూసి మాట్లాడితే చాలు, అది తిట్టయినా సరే అని అమ్మతో అనేవాడట.

వాళ్ళు చంద్రుడి మీద దిగిన రోజు సాయంత్రం పెద్దమ్మ వసారాలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. అవతల చివర నాన్న గోగునారతో ఎద్దులకి పలుపు తాడు పేనుతున్నాడు. నేను బడి నుంచి వస్తూనే పాఠం మొదలుపెట్టాను. పెద్దమ్మ చేట ఆపి, ముగ్గురెళ్ళారన్నావు, మరి ఇద్దరే దిగారంటావేమిటని అడిగింది.

మూడోవాడు దిగడు, పెద్ద ఓడలో ఒంటరిగా చంద్రుడి చుట్టూ తిరుగుతుంటాడు, అందరూ ఇల్లు చేరాలంటే ఆ ఓడే దిక్కు, దాన్ని నడిపేది అతనే అని చెప్పాను. చంద్రుడి వెనక్కి వెళ్ళినంతసేపూ అతనికి భూమితో మాట కూడా ఉండదన్నాను. కిందవాళ్ళు పైకి లేవలేకపోతేనో అని అడిగింది పెద్దమ్మ.

“లేవలేకపోతే అతను చేసేదేమీ లేదు. దిగి తెచ్చుకోలేడు. వాళ్ళని వదిలేసి ఒక్కడే తిరిగి రావాలి. అదే అతని పని” అని తరగతిలో చెప్పినట్టే చెప్పేశాను.

నాన్న చేతిలో తాడు ఆగిపోయింది. అప్పుడు గానీ నేనేమన్నానో నాకు తట్టలేదు. నాలుక కరుచుకున్నాను.

పెద్దమ్మ చేటలోకే చూస్తూ, “ఆ మాట ఆలిద్దరికీ ఎరికేనా?” అంది. తెలిసే వెళ్ళారన్నాను. ఆవిడ చేట కింద పెట్టింది. గుంజ వైపు కాదు, నాన్న వైపు తిరిగింది.

“నిన్ను ఎల్పోమన్నది మీ అన్నేనా?”

నాన్న తాడు పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. అన్న కాళ్ళు వాచిపోయాయట, అడుగు పడలేదట. కూడా వచ్చినవాళ్ళందరూ ముందుకి సాగిపోయారట. తను మాత్రం కదలకుండా రెండు రోజులు అక్కడే కూర్చున్నాడట.

“మూడోనాడు నామీద రాళ్ళిసిరాడొదినా, ఎల్పోరా అని. పేణముండగానే ఒగ్గీసొచ్చీనాను. నీ కోపం నాయమే.”

“కోపమేటి?” అంది పెద్దమ్మ. “నీతో నోరిప్పితే ముందు ఆ మాటే వస్తాది. అడిగితే నువ్వూ ఇల్లొగ్గీసి ఎల్పోతావని బయపడ్డాను. ఆడెలాగూ రాడు. నువ్వూ పోతే నాకెవులున్నారు?”

నాన్న మొహం తుండుగుడ్డలో దాచుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పెద్దమ్మ మాత్రం చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, చీకటి పడేలోగా చోళ్ళు తేలాలంది.

మర్నాడు పొద్దున్న రేడియోలో ఆ ఇద్దరూ పైకి లేచి మూడోవాడిని కలుసుకున్నారని చెప్పారు. పరుగున పెరట్లోకి వెళ్ళాను. అక్కడ నా వార్త వినే తీరిక ఎవరికీ లేదు. రంగంలో అన్న రోజూ తనకి వండిపెట్టేవాడని నాన్న అంటున్నాడు. తన మొగుడికి పొయ్యి ముట్టించడం కూడా చేతకాదని, మరిది అబద్ధాలాడుతున్నాడని పెద్దమ్మ దెబ్బలాడుతోంది. నిజమే అయితే ఏం వండేవాడో, అందులో ఉప్పెంత వేసేవాడో చెప్పమని నిలదీస్తోంది.