గూడెం పేరుకు కాపలా కాసిన వదిన

వదిన పోయిందన్న కబురు తెలిసేసరికి నేను మధిర స్టేషన్‌లో ఖమ్మం బండి కోసం చూస్తున్నాను. ఖమ్మం దవాఖానాలో ఆమె మంచం పక్కన కూర్చోవడానికే బయల్దేరాను. "ఇంక ఖమ్మం రాకు, పాల్వంచకే రా," అని మాత్రం అన్నాడు అన్న ఫోన్‌లో. బండి ఎక్కాక కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. అంతకుముందు ఫోన్‌లో ఆమె నాతో మాట్లాడిన చివరి మాట గుండె గురించి కాదు, మందుల గురించి కాదు. "ఆ పేరు ఖాళీ అయిందా, చూసినవా?" అని అడిగింది. కాలేదన్నాను. "రోజూ చూడు మరిదీ. ఊరందరికీ చెప్పుడే గానీ నీకు యాదుండదు," అంది.

ఆ పేరు సంగతి చెప్పాలి. భద్రాచలం రోడ్డు మీంచి అడవిలోకి తిరిగితే ఒక కోయ గూడెం ఉంది. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పడానికి ఏదో సంస్థ వదినను అక్కడికి పంపింది. కొన్నాళ్లకు సంస్థ మూతపడింది గానీ వదిన వెళ్లడం మానలేదు. కుట్టుమిషన్లు మూలకు చేరాయి. ఆ ఆడవాళ్లూ ఈమే కలిసి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు, కుంకుడుకాయలు అమ్మడం మొదలుపెట్టారు. సంఘానికి ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నారు. దాని చిరునామాగా తమ గూడెం పేరే పెట్టుకున్నారు. తేనె సీసా మీది గళ్ల బొమ్మకు ఫోన్ చూపిస్తే ఆ పేజీ తెరుచుకునేది. తేనె తీసేవాళ్లు, వడకట్టేవాళ్లు, అందరి ఫొటోలూ అందులో ఉండేవి.

వెబ్‌సైట్ పేరును ఏటేటా గడువులోగా మళ్లీ మన పేరు మీద రాయించుకోవాలి. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చేసుకునే పని అది. వదిన అట్లా చేయలేదు. ప్రతి ఏడూ ఫోన్‌ను చేతిరుమాలులో చుట్టుకుని బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని గూడెం వెళ్లేది. ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, "ఇంకో ఏడు మీ ఊరి పేరు వాడుకుందామా?" అని అడిగేది. అందరూ అవ్ అన్నాకే మీట నొక్కేది. నేను నవ్వేవాణ్ని. "ఊరి పేరు వాళ్లది. అడగకుండ నేనెట్ల నొక్కుత?" అనేది.

ఆ ఏడు గడువు దగ్గరపడే వేళకు గూడెంలో ఎవరో చనిపోయారు. అక్కడ కొత్త పువ్వు, కొత్త కాయ ముట్టుకోవడానికి ముందు పండుం చేస్తారు. ఊళ్లో చావు జరిగితే ఆ పండుగ వెనక్కి జరుగుతుంది. అది అయ్యేదాకా సంఘం కూర్చోదు, కొత్త పని ఏదీ తలపెట్టదు. వదిన కూడా ఆగింది. గడువు దాటింది. దాటినా పాత యజమానికి కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది, అదీ దాటింది. పేరు వేలానికి పోయింది. వేలం పాడుకున్నవాడెవడో, ఏ దేశంవాడో మాకు ఈనాటికీ తెలియదు.

తేనె కొన్న పాల్వంచ షిఫ్టు కార్మికుడొకాయన ఫోన్ చేసి చెబితేనే మాకు తెలిసింది. సీసాకు ఫోన్ చూపిస్తే పేకాట పేజీ తెరుచుకుంటోంది. పైన గూడెం పేరు, కింద రంగురంగుల ముక్కలు, డబ్బులు గెలుచుకోమని పిలుపు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఈ అడవిలో పోడు చేసుకునేవాడు తన తాత దున్నిన చెలకకు పట్టా అడిగితే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు, రుజువులడుగుతారు, హద్దులడుగుతారు, చివరికి మనిషే లేడంటారు. అదే ఊరి పేరును, ఆ ఊరెక్కడుందో తెలియనివాడు కుర్చీలోంచి లేవకుండా తన పేరున రాయించుకోవచ్చు. వాణ్ని రుజువడిగే నాథుడు లేడు. దీన్నే స్వేచ్ఛా విపణి అని మనకు పాఠం చెబుతారు. ఊరు పుట్టిననాటికి అడ్రసే లేని కంపెనీకి ఊరి పేరు మీద హక్కు పుట్టింది, ఊరికి మాత్రం గడువు తీరింది.

ఇదంతా నేను వ్యాసంగా రాశాను. వదిన కత్తెర చేతిలో పట్టుకునే చదివింది. ఆమెకు అది అలవాటు. నా వ్యాసం ఏది చదివినా నడుము దగ్గర అదనపు గుడ్డ ఉందనేది. "బాగనే రాసినవ్. ఇది చదివి ఎవరన్న ఒక్క సీసా తేనె కొన్నరా?" అని అడిగింది. కొనలేదు.

మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నది పండుం విషయంలోనే. గడువు ముంచుకొస్తుంటే ఆచారం అంటూ కూర్చోవడమేమిటి, మీరు నమ్మినా నమ్మకపోయినా గడువు లెక్కపెట్టే మిషన్ మీకోసం ఆగదు కదా అన్నాను. ఆమె దారం పంటితో కొరికి తెంపి, "చావుకు ఆగనోడు ఎవడు మరిదీ, వాళ్లా, మిషనా? ఆగనోడిని తిట్టు. ఆగినోళ్లను తిడుతవేంది?" అంది. ఈ విషయంలో ఆమెతో నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ముందే ఒకరోజు అడిగి పెట్టుకుంటే సరిపోయేది. ఈ మాటన్నా ఆమె దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు జవాబు చెప్పే మనిషి లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఆ పేరు పట్టుకున్నవాడి తరఫున ఒక దళారి వదినకు ఫోన్ చేశాడు. మర్యాదగా, తేనె పూసినట్టు మాట్లాడాడు. పెద్ద ధర చెప్పాడు. "మా ఊరి పేరు మాకే అమ్ముతవా? పెట్టుకో, నువ్వే పెట్టుకో. పేకాటోడు ఒక్కతాన ఎన్నాళ్లుంటడు?" అని ఫోన్ పెట్టేసింది. ఇట్లాంటివాళ్లు ఒక పేరు చెడ్డదవగానే దాన్ని వదిలేసి ఇంకో పేరు మీదికి పోతారని ఖమ్మంలో కంప్యూటర్ షాపు నడిపేవాడు ఆమెకు చెప్పాడు. పేకాటవాడు దాన్ని వదిలిన రోజే అందుకోవాలి. అదే ఆమె పట్టుకున్న ఆశ.

ఈలోపు ఆమె ఊరుకోలేదు. ఈసారీ ఆడవాళ్లను అడిగే, సంఘం పేరుతో కొత్త చిరునామా తీసుకుంది. దాని చివర డాట్ కామ్, డాట్ ఇన్ అని వచ్చే తోకలు మార్చి మరి కొన్ని కూడా కొనిపెట్టింది. ఒక్క తేనె సీసాకు ఇన్ని పేర్లెందుకని అడిగాను. "చేను చుట్టూ కంప ఎందుకు వేస్తరు? మనం తినడానికా?" అంది. తయారై ఉన్న ప్రతి సీసా మీదా పాత బొమ్మపై కొత్త చీటీ అంటించింది. అంటించేముందు సీసాను తలకిందులు చేసి, లోపలి గాలిబుడగ ఎంత మెల్లగా పైకెక్కుతుందో చూసేది. తొందరగా ఎక్కితే పలచనదని ఆ తేనెను పక్కన పెట్టేది. ఆ చూపులో ఆమెకు లోకం పట్టేది కాదు. నేను ఎదురుగా కూర్చుని ప్రభుత్వాన్ని తిడుతుంటే, "ఆ సీసా ఇటియ్యి," అనేది.

ఆమె దినాల నాడు గూడెం ఆడవాళ్లు రెండు ఆటోలలో పాల్వంచ వచ్చారు. నాకు ఆ తంతు మీద నమ్మకం లేదు, అన్న కోసం వెళ్లాను. కిరాయి ఇంటి వరండాలో నిలబడి, అలవాటుగా ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూశాను. ఖాళీ. కావలసినవారు తీసుకోవచ్చు అని ఉంది.

సంఘం లీడరమ్మకు చూపించి, ఇప్పుడే తీసేసుకుంటానన్నాను.

"ఆగు సారూ," అందామె. "కూసోనియ్యి."

ఈలోపు ఎక్కడో ఏ యంత్రమో దాన్ని తన్నుకుపోతుందని నా భయం. వాళ్లు మెల్లగా చేరారు, వరండాలో చోటు సర్దుకున్నారు. అందరికంటే ముసలావిడ ముందే కాదంది. జూదమాడిన పేరు మనకెందుకు, కొత్త పేరు నడుస్తనే ఉంది కద అంది. డిగ్రీ చదివిన ఒక కోడలుపిల్ల ఊరుకోలేదు.

"పేరు ఆడలేదత్తా. వాడు ఆడిండు."

మాట మీద మాట పెరిగింది. కొంత కోయలో, కొంత తెలుగులో. సగం నాకు అర్థం కాలేదు. నేను ఫోన్ కేసి చూస్తూ వరండా చివరికీ గుమ్మానికీ మధ్య నడుస్తున్నాను. చివరికి ముసలావిడ నన్ను చూపించి అంది, "ఆమె ఉన్నప్పుడు ఏటేటా మమ్మల్ని అడిగేది. ఈసారి మమ్మల్ని ఎవలడిగిండ్రు?"

అందరూ నా వైపు చూశారు. వేదికల మీద గంటలు గంటలు మాట్లాడినవాణ్ని, ఫోన్ తీసి లీడరమ్మ చేతిలో పెట్టాను. కింద కూర్చున్నాను.

"మీ ఊరి పేరు మళ్లీ తీసుకుందామా?" అని అడిగాను.

లీడరమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది. అవ్, అవ్, అవ్. ముసలావిడ దగ్గర ఆగింది. ఆమె గోడ మీద దండేసి ఉన్న వదిన ఫొటో వైపు కాసేపు చూసి, "తీస్కోండ్రి," అంది. లీడరమ్మ మీట నొక్కింది. పేరు ఇంకా అక్కడే ఉంది. దక్కింది.

వెంటనే అందులో వదిన ఫొటో పెడదామన్నాను. ఒద్దన్నారు. ఆమె కోసమని ఈ ఒక్కసారి కూసున్నం గానీ, పండుం అయ్యేదాకా కొత్తగా ఏదీ పెట్టొద్దన్నారు. మరి ఈ ఏడు పండుం ఎప్పుడని అడిగితే, ఊళ్లో చావు జరిగింది కద, వెనక్కి జరిపినమన్నారు. గూడెంలో ఎవరు పోయారని అడగబోయి, వాళ్ల చూపులు గోడ మీది ఫొటో వైపు ఉండటం చూసి ఆగిపోయాను.

గూడెం పేరు నేనిక్కడ రాయలేదు. రాయొచ్చా అని వాళ్లనింకా అడగలేదు. రోజూ ఫోన్‌లో మాత్రం ఆ పేరు కొట్టి చూస్తున్నాను. పేజీ తెరుచుకుంటుంది. ముక్కలు లేవు, పిలుపులు లేవు. పైన ఊరి పేరు, దాని కింద ఎంత జరిపినా తెల్లగా ఉంటుంది.